బస్టాండు మురుగు తోడించే పనికి ఏటా నిధులు ఎలా పెట్టాలి: అంచనా నుంచి ఆఖరి బిల్లు దాకా

బస్టాండులో మురుగు పొంగే దాకా దాని ఊసు ఎవరూ ఎత్తరు. పొంగిన రోజున హడావిడిగా ఒక సెప్టిక్ ట్యాంకు బండిని పిలిపిస్తారు. చేతి ఖర్చుల డబ్బులోంచి వోచరు మీద ఏదో ఇచ్చి పంపిస్తారు. వాసన తగ్గగానే పని అయిపోయిందనుకుంటారు. ఆ కొద్ది డబ్బుకు ఒత్తిడితో నీళ్లు కొట్టి లైన్లు శుభ్రం చేసే జెట్టింగ్ మిషను రాదు, గుంటలో విషవాయువులు చూసే గ్యాస్ మీటరు రాదు, పనివాడికి బీమా రాదు. అంత తక్కువకు దొరికేది తాడూ బకెట్టూ పట్టుకొని గుంటలోకి దిగే మనిషి ఒక్కడే. అందుకే ఈ పనికి బడ్జెట్లో ముందే పెట్టే ప్రతి రూపాయీ ఒక మనిషిని గుంట బయట ఉంచుతుందని నేను నమ్ముతాను.

విజయనగరం, శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులు, పలాస, టెక్కలి, సాలూరు వంటి డిపోలు, విజయనగరం జంక్షను, ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషను లాంటి చోట్ల నిర్వహణ చూసే ఇంజినీర్లు, మేనేజర్లు, అకౌంట్సు సిబ్బంది, ఈ పనికి టెండరు వేయాలనుకునే చిన్న కాంట్రాక్టర్ల కోసం ఇది రాస్తున్నాను.

మొదటి అడుగు: మీ ఆవరణలో ఏముందో తెలుసుకోండి

చాలా పాత బస్టాండుల్లో ఏ టాయిలెట్ నీరు ఏ ట్యాంకులోకి పోతుందో చెప్పగలిగే కాగితం ఉండదు. కట్టించిన ఇంజినీరు రిటైరై ఉంటాడు, తర్వాత రెండు సార్లు ఫ్లోరింగు వేసి ఉంటారు, మూతలు టైల్సు కింద పడిపోయి ఉంటాయి. కాబట్టి ముందు ఒక గీత పటం వేయండి. ప్రతి టాయిలెట్ బ్లాకు, ప్రతి ఛాంబరు, ప్రతి ట్యాంకు, క్యాంటీను కాలువ, గ్యారేజీ వాషింగ్ ర్యాంపు, చివరికి నీరు ఎక్కడికి పోతోంది అన్నదీ అందులో ఉండాలి. పాత స్వీపర్లనూ ప్లంబర్లనూ పక్కన కూర్చోబెట్టుకొని వేస్తే పటం సరిగ్గా వస్తుంది, వాళ్లకు తెలిసినంత ఫైళ్లకు తెలియదు.

పటం పూర్తయ్యాక మీ చోటు మూడు రకాల్లో ఏదో తేల్చుకోండి. ఊరి భూగర్భ డ్రైనేజీకి కలిసి ఉంటే మీ ఖర్చంతా లైన్ల జెట్టింగుకూ ఛాంబర్ల శుభ్రతకూ పోతుంది. సెప్టిక్ ట్యాంకులయితే మడ్డి తోడించడమే పెద్ద ఖర్చు. నీటిని సంపులోకి చేర్చి మోటారుతో ఎత్తి పంపే పద్ధతయితే మోటారు రిపేర్లు, జల్లెడలు, కరెంటు కూడా కలుపుకోవాలి. మూడూ కలగలిసి ఉండే చోట్లు కూడా ఉంటాయి.

గ్యారేజీ నీటిని మాత్రం మొదట్లోనే వేరు చేయండి. బస్సులు కడిగిన నీటిలో ఆయిలు, గ్రీజు ఉంటాయి. ఆ ఆయిల్ మడ్డి 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. దాన్ని మామూలు సెప్టిక్ ట్యాంకు బండిలో పోసి పంపకూడదు, అనుమతి ఉన్న సంస్థకే ఇవ్వాలి. మన జిల్లాలకు దగ్గరలో అలాంటి వ్యర్థాలు తీసుకునే కేంద్రం పరవాడ ఫార్మాసిటీలో ఉంది. దీనికి అంచనాలో వేరే వరుస రాయండి.

రెండో అడుగు: మడ్డి కొలవండి

బస్‌స్టేషన్లకు మనిషికి రోజుకు 45 లీటర్ల నీరు అని భారతీయ ప్రమాణాల్లో ఒక లెక్క ఉంది. కొత్త భవనం కట్టేటప్పుడు అది పనికొస్తుంది. తోడించే ఖర్చు లెక్కకు అది సరిపోదు, ఎందుకంటే మీరు డబ్బు పెట్టేది అడుగున చేరిన మడ్డికి. దాన్ని కొలిచి తెలుసుకోవాల్సిందే.

పొడవాటి కర్రకు తెల్లటి తువ్వాలు గుడ్డ చుట్టండి. మూత దగ్గర బయట నిలబడి, తల లోపలికి వంచకుండా, కర్రను అడుగు తగిలేదాకా దించి కొద్ది నిమిషాలు ఉంచి నెమ్మదిగా తీయండి. గుడ్డ మీద నల్లటి మరక ఎంత ఎత్తు దాకా ఉందో అదే మడ్డి లోతు. పైన తేలే తెట్టు మందం కూడా చూడండి. మడ్డి, తెట్టు కలిసి ట్యాంకు లోతులో మూడో వంతుకు చేరితే తోడించే సమయం వచ్చినట్టే. గుంటలో గ్యాసు ఉందో లేదో చూడటానికి అగ్గిపుల్ల వెలిగించే అలవాటు ఇంకా కొన్ని చోట్ల ఉంది. లోపల మీథేన్ ఉంటే అది అంటుకుంటుంది, ఆ పని ఎవరినీ చేయనీయకండి.

నెలకోసారి కొలిచి పుస్తకంలో రాయిస్తే మూడు నాలుగు నెలల్లో మడ్డి పెరిగే వేగం తెలిసిపోతుంది. పాత ఏళ్ల అంకెల మీద ఆధారపడొద్దు. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకంతో ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణం మొదలైంది. ఆడవాళ్ల టాయిలెట్ల మీద పడే బరువును ఆ తర్వాతి లెక్కతోనే చూడాలి. ఆ బ్లాకుల్లో మూత ఉన్న చెత్తడబ్బాలు పెట్టి రోజూ ఖాళీ చేయించండి. ప్యాడ్లు లైన్లలో ఇరుక్కుంటే తీయించడానికి అయ్యే జెట్టింగు ఖర్చు ముందు డబ్బాల ఖర్చు ఏపాటిది!

మన ప్రాంతపు రద్దీ క్యాలెండరు కూడా కొలతల పక్కన రాసుకోండి. సంక్రాంతికి వలస వెళ్లినవాళ్లంతా హైదరాబాదు, చెన్నై, విశాఖల నుంచి ఊళ్లకు తిరిగొస్తారు. రథసప్తమికి అరసవల్లి వచ్చే జనం శ్రీకాకుళం బస్టాండు మీదుగానే పోతారు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం, ఆ రెండు మూడు రోజులు విజయనగరంలో అడుగు తీసి అడుగు పెట్టలేం. వీటికి తోడు అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ ఈ నెలల్లోనే వచ్చాయి. నిండిన ట్యాంకులోకి వాననీరు దిగితే మురుగు ప్లాట్‌ఫాం మీదికి వస్తుంది. కాబట్టి ఒక విడత మే నెలలో, రెండోది దసరాకు ముందు పెట్టుకోవడం మేలు.

మూడో అడుగు: అంచనా వేయండి

లెక్క ఎలా కట్టాలో చూపడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇందులోని ధరలు ఊహించినవి, మీరు మీ ఊళ్లో కనీసం ముగ్గురి దగ్గర కొటేషన్లు తెప్పించుకొని ఆ అంకెలు వేసుకోవాలి.

ఒక బస్టాండులో 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల నీటి లోతు ఉన్న ట్యాంకులు మూడు ఉన్నాయనుకోండి. ఒక్కోదాంట్లో 36,000 లీటర్లు పడుతుంది. మడ్డి నెలకు 8 సెంటీమీటర్లు పెరుగుతోంది. మూడో వంతు అంటే 66 సెంటీమీటర్లు, ఎనిమిది నెలల్లో చేరుతుంది. పండుగల రద్దీ దృష్ట్యా ఆరు నెలలకోసారి అనుకుందాం. కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మిగలాలి కాబట్టి అడుగున కాస్త మడ్డి వదిలి 35,000 లీటర్లు తోడాలి. 5,000 లీటర్ల బండికి అది 7 ట్రిప్పులు. మూడు ట్యాంకులు, ఏడాదికి రెండు సార్లు, అంటే 42 ట్రిప్పులు. ట్రిప్పుకు 2,500 రూపాయలు వేస్తే 1,05,000.

లైన్ల జెట్టింగు ఏడాదికి 6 రోజులు, రోజుకు 20,000 చొప్పున 1,20,000. పిలిచిన వెంటనే రావాల్సిన అత్యవసర పనులు 12, ఒక్కోదానికి 5,000 చొప్పున 60,000. గ్యారేజీ నీటిలోని ఆయిలును ఆపే ట్రాపు శుభ్రత 4 సార్లు, 8,000 చొప్పున 32,000. మొత్తం 3,17,000. దీని మీద 18 శాతం జీఎస్టీ 57,060. ఊహించని పనులకు 10 శాతం, అంటే 31,700. అంతా కలిపి 4,05,760 రూపాయలు.

ఈ అంకెను అలాగే పంపిస్తే అకౌంట్సు విభాగం ఉలిక్కిపడుతుంది. రోజుకు ఎంతో లెక్క కట్టి పక్కన రాయండి. రోజుకు సుమారు 1,112 రూపాయలు. రోజూ నాలుగు వేల మంది టాయిలెట్లు వాడితే ఒక్కొక్కరికి 28 పైసలు. ఆ ఒక్క వాక్యం ఫైలును ఎంత ముందుకు నెడుతుందో చూడండి.

ఈ మార్గదర్శిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ట్రిప్పు ధరను విడదీసి చూడటమని నా అభిప్రాయం. 2,500 లో డీజిలు 700, డ్రైవరుకీ ఇద్దరు హెల్పర్లకీ కూలి వాటా 700, పీఎఫ్, ఈఎస్ఐ, బీమా, గ్లౌజులూ బూట్లకు 150, బండి వాయిదా, రిపేర్లకు 500, శుద్ధి కేంద్రంలో దించే రుసుము 200, లాభం 250 అనుకోండి. ఇప్పుడు ఒకాయన 1,500 కే చేస్తానని వచ్చాడు. డీజిలు, బండి వాయిదాలకే 1,200 పోతుంది. మిగిలిన 300 తో ముగ్గురికి కూలి ఎలా ఇస్తాడు? ఇచ్చే దారులు రెండే. శుద్ధి కేంద్రం దాకా పోకుండా పక్కనున్న గెడ్డలోనో, నాగావళి గట్టునో, చంపావతి ఒడ్డునో రాత్రిపూట పారబోసి డీజిలూ రుసుమూ మిగుల్చుకుంటాడు. లేదా పీఎఫ్, బీమా ఎగ్గొట్టి, దొరికిన కూలీని పెట్టుకొని, గొట్టం అందని చోట ఆ మనిషినే దించుతాడు. నీళ్లు తాగే ఊళ్లూ ఆ కూలీ కుటుంబమూ కట్టే ధర మన అంచనాలో కనబడదు. అందుకే ఈ విడదీసిన లెక్కను అంచనాకు జతచేసి ఫైల్లో పెట్టండి. టెండరు రోజున అదే మీకు ఆధారం.

గొట్టం సంగతి కూడా చూసుకోండి. వాక్యూం బండి పీల్చే లోతుకు హద్దు ఉంది, లెక్క ప్రకారం పది మీటర్లయినా పనిలో ఏడు మీటర్లకు మించి ఆశించలేం. బండి ఆగే చోటుకూ ట్యాంకుకూ మధ్య దూరాన్ని టేపుతో కొలిచి టెండర్లో రాయండి. ట్యాంకు భవనాల వెనక ఉంటే పొడవైన గొట్టం కావాలి, లేదా దారి చేయాలి. మూతలు పగిలి ఉన్నా, టైల్సు కింద ఉన్నా వాటిని తెరిపించే సివిల్ పనిని ఒకసారి ఖర్చుగా వేరే అంచనాలో పెట్టండి.

నాలుగో అడుగు: డబ్బు ఏ పద్దులోంచి

ఆర్టీసీ ఉద్యోగులు 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వంలో విలీనమైనా బస్టాండుల నిర్వహణను ఆర్టీసీ సంస్థే చూసుకోవాలి. మురుగు పనిని ఏటా వచ్చే నిర్వహణ పద్దులో సొంత వరుసగా చేర్పించడం మీ లక్ష్యం కావాలి. ‘ఇతర ఖర్చులు’ అన్న చోట కలిపేస్తే ఏ ఫ్యాను రిపేరో వచ్చి దాన్ని తినేస్తుంది. రైల్వేలో అయితే స్టేషను శుభ్రతకు డివిజను స్థాయిలో హౌస్‌కీపింగు కాంట్రాక్టులు ఉంటాయి. మడ్డి తోడించడం అందులో స్పష్టంగా ఉందో, ప్లాట్‌ఫాం ఊడ్చే పనితోనే ఆగిపోయిందో ఒప్పందం చదివి చూడండి.

డబ్బులిచ్చి వాడే టాయిలెట్ల లైసెన్సు ఒప్పందాన్ని కూడా తప్పకుండా చదవండి. లోపలి శుభ్రత లైసెన్సుదారుదని ఉంటుంది, వెనకున్న ట్యాంకు ఎవరిదో ఉండదు. ఉన్నా, గడువు అయిపోతున్న లైసెన్సుదారు ఆఖరి ఏడాది మడ్డి తోడించడు, తర్వాత వచ్చేవాడి నెత్తిన వదిలేస్తాడు. తోడించే పనిని యాజమాన్యమే ఉంచుకొని, ఆ ఖర్చుకు తగ్గట్టు లైసెన్సు ఫీజు నిర్ణయించడమే మంచిదని నా అభిప్రాయం. హోటళ్లు, టీ స్టాళ్ల దగ్గర మాత్రం దీనికి వేరే పద్ధతి కావాలి. నూనె జిడ్డు ఆపే ట్రాపును పెట్టి వారం వారం శుభ్రం చేయడం స్టాలు లైసెన్సులో షరతుగా ఉండాలి, చేయకపోతే జరిమానా పడాలి. ఆ జిడ్డు లైన్లో గడ్డకట్టాక మీ జెట్టింగు రోజులు పెరుగుతాయి.

నగరపాలక సంస్థ దగ్గర జెట్టింగు, సక్షన్ యంత్రాలుంటే అద్దె రేటు మీద వాడుకునేలా రాతపూర్వక ఒప్పందం చేసుకోవచ్చు. ఇక స్వచ్ఛ భారత్ వంటి పథకాల డబ్బు, కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు. ఇవి ట్యాంకు కట్టడానికి, యంత్రం కొనడానికి అడగండి, నెలనెలా డీజిలుకు, కూలికి వాటిని నమ్ముకోవద్దు. ఒక ఏడాది వచ్చి మరుసటి ఏడాది రాకపోతే మళ్లీ వోచరు దగ్గరికే వస్తారు.

ఐదో అడుగు: మంజూరు నోటు

నోటు రెండు పేజీలు దాటొద్దు. పటం, కొలతల పుస్తకం నకలు, అంచనా, ట్రిప్పు ధర విడదీసిన పట్టిక జతచేయండి. నోటులో చట్టం గురించి ఒక పేరా తప్పకుండా ఉండాలి. పాకీ పని నిషేధ చట్టం 2013 సెప్టెంబరులో అచ్చయి అదే ఏడాది డిసెంబరు 6 నుంచి అమల్లోకి వచ్చింది. రక్షణ లేకుండా మనిషి చేత మురుగు లైన్లు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేయించడాన్ని దాని 7వ సెక్షను నిషేధిస్తుంది. మొదటిసారి తప్పుకే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. కాంట్రాక్టరు చేయించాడని చెప్పి యాజమాన్యం తప్పించుకోలేదు. 2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు మురుగు మరణాలకు పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. బతుకుతెరువు పోగొట్టే శాశ్వత వైకల్యానికి కనీసం 20 లక్షలన్నది. మన ఉదాహరణలో ఏడాది ఖర్చు నాలుగు లక్షలు. మంజూరు చేసే అధికారి ఈ రెండు అంకెల్నీ ఒకే పేజీలో చూడాలి.

బడ్జెట్ ప్రతిపాదనలు ఏప్రిల్‌కు చాలా ముందే కదులుతాయి. దసరా లోపు కొలతలు, దీపావళి తర్వాత అంచనా, సంక్రాంతి లోపు నోటు పైకి వెళ్లిపోతే మార్చిలో టెండరు, ఏప్రిల్లో వర్క్ ఆర్డరు, మేలో మొదటి విడత కుదురుతాయి.

ఆరో అడుగు: టెండరు షరతులు

ధరను లీటరుకో ట్రిప్పుకో అడగండి, ‘మొత్తం పని ఇంత’ అని గుత్తగా అడగొద్దు. గుత్తకిస్తే సగం తోడి మూత వేసేస్తారు. కూలి, పీఎఫ్, ఈఎస్ఐ, బీమా భాగాన్ని పోటీ నుంచి తీసేసి స్థిరంగా ఉంచండి. టెండరు వేసేవాళ్లు యంత్రం, డీజిలు, లాభాల మీదే పోటీ పడాలి. యజమాని వాటాగా ఈఎస్ఐ 3.25 శాతం, పీఎఫ్ 12 శాతం, దానిపై నిర్వహణ, బీమా ఛార్జీలు కలుపుకోవాలి. మురుగు పనివాళ్లకు కనీసం 10 లక్షల జీవిత బీమా చేయించి ప్రీమియం యజమానే కట్టాలని 2013 నిబంధనల్లో ఉంది. పాలసీ నకలు ఇవ్వందే వర్క్ ఆర్డరు ఇవ్వకండి.

మనిషి దిగడం పూర్తిగా నిషిద్ధమని మొదటి షరతుగా రాయండి. పగిలిన మూత తీయడం, అడుగున బిగించిన మోటారు తీయడం వంటి కొన్ని అరుదైన సందర్భాలకే నిబంధనలు చోటిచ్చాయి, అదీ రక్షణ సామగ్రితో. అలాంటిది వస్తే పని ఆపి రాతపూర్వక అనుమతి తీసుకోవాలని చేర్చండి. బండికి రిజిస్ట్రేషను, ఫిట్‌నెస్, జీపీఎస్, మడ్డి తీసుకోవడానికి శుద్ధి కేంద్రం ఇచ్చిన అంగీకారపత్రం అడగండి.

అనుభవం, టర్నోవరు షరతులు మరీ ఎక్కువ పెడితే పెద్ద సంస్థలే మిగులుతాయి. కేంద్రం నమస్తే పథకం కింద పారిశుద్ధ్య కార్మికులే యంత్రాలు కొనుక్కోవడానికి రాయితీ రుణాలు ఇస్తోంది. నిన్నటిదాకా గుంటలోకి దిగినవాళ్లు రేపు ఆ బండికి యజమానులై మీ టెండర్లో పాల్గొనగలగాలి. షరతులు రాసేటప్పుడు వాళ్లను మనసులో పెట్టుకోండి.

ఏడో అడుగు: పని రోజు

పగటి వెలుగులోనే చేయించండి. ఉదయం రద్దీ తగ్గాక బస్సులు ఆగే ఒక బే మూసి, బస్సులు మళ్లించి, చుట్టూ అడ్డు పెట్టండి. కనీసం ముగ్గురు ఉండాలి, వారిలో ఒకరు సూపర్‌వైజరు. మూతలు ముందే తెరిచి గాలి ఆడనివ్వండి, గ్యాస్ మీటరుతో చూడండి. హైడ్రోజన్ సల్ఫైడు గాఢత పెరిగితే వాసన పసిగట్టే శక్తినే చంపేస్తుంది, కాబట్టి ‘వాసన రావట్లేదు’ అన్న మాటకు విలువ లేదు. ఒకరు స్పృహ తప్పితే కాపాడబోయి ఇంకొకరు దూకడం వల్లే మరణాలు రెండూ మూడూ అవుతుంటాయి. ఎవరూ దూకకూడదని పని మొదలుపెట్టే ముందు అందరికీ గట్టిగా చెప్పండి.

తోడే ముందు లోతు, తోడాక లోతు మీ మనిషి కొలిచి సంతకం పెట్టాలి.

ఎనిమిదో అడుగు: బిల్లు

ప్రతి ట్రిప్పుకు చీటీ మూడు ప్రతులు. ఒకటి మీ దగ్గర, ఒకటి డ్రైవరు దగ్గర, మూడోది శుద్ధి కేంద్రం ముద్రతో తిరిగి రావాలి. ముద్ర లేని ట్రిప్పుకు డబ్బు లేదని ఒప్పందంలోనే ఉంటే గెడ్డలో పారబోసేవాడికి నష్టం తప్పదు. మెజర్‌మెంట్ బుక్కులో ఎక్కించే కొలత, చీటీల లెక్క, జీపీఎస్ దారి మూడూ కలవాలి. వేతనాల బ్యాంకు జమ, పీఎఫ్, ఈఎస్ఐ చలానాలు జతచేయించండి. బిల్లులోంచి ముందే మినహాయించే ఆదాయపు పన్ను, అంటే టీడీఎస్, వ్యక్తులకు 1 శాతం, సంస్థలకు 2 శాతం. ఒప్పందం విలువ రెండున్నర లక్షలు దాటితే జీఎస్టీ టీడీఎస్ 2 శాతం ఉంటుంది. పారిశుద్ధ్య సేవలకు జీఎస్టీ మినహాయింపు కొన్ని ప్రభుత్వ సంస్థలకే వర్తిస్తుంది కాబట్టి మీకు వర్తిస్తుందో లేదో అకౌంట్సు విభాగం నుంచి రాతపూర్వకంగా తీసుకోండి, టెండర్లో ‘వర్తించే జీఎస్టీ అదనం’ అని రాయండి.

బిల్లు సరిగ్గా ఉంటే నెలలోపు చెల్లించండి. చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం గరిష్ఠ గడువు 45 రోజులు, దాటితే వడ్డీ పడుతుంది. అంతకన్నా ముఖ్యం, ఆరు నెలలు బిల్లు ఆగితే చిన్న కాంట్రాక్టరు ముందు ఆపేది కూలీల జీతమే.

మొదటి ఏడాది దసరా విడత పూర్తయ్యాక కొలతల పుస్తకం మళ్లీ తెరవండి. అనుకున్న 42 ట్రిప్పుల్లో ఎన్ని అయ్యాయి, అత్యవసర పిలుపులు ఎన్ని వచ్చాయి, ఏ ఛాంబరు దగ్గర పదేపదే ఇరుక్కుంది అని చూసి సవరించిన అంచనా పంపండి. ఒకే చోట మూడుసార్లు ఇరుక్కుంటే అక్కడ పైపు వాలు సరిగా లేదనో, పగిలిందనో అర్థం. దాన్ని మార్చడానికి అయ్యే ఖర్చును జెట్టింగు వరుసలోంచి కాక మూలధన పద్దులోంచి అడగండి, వచ్చే ఏడాది అత్యవసర వరుసను ఆ మేరకు తగ్గించి చూపండి.